పొయ్యి పక్కన పీట

కెదుంగ్‌సారి,
మార్చి 3, 2022

రిరిన్‌కి,

సలాం. బాగున్నావా అని అడగను. నీకేం, బాగానే ఉంటావు.

ఫోనులున్న రోజుల్లో ఈవిడకి ఉత్తరాలేంటని నవ్వుకుంటున్నావేమో. మీ ఇంట్లో ఫోను ఎప్పుడూ స్పీకర్ మీదే కదా ఉండేది! అత్త పక్కనే కూర్చుని ప్రతి మాటా వింటుంది. కాగితమైతే వినపడదు, ఆమెకి చదువూ రాదు. కాన్సర్ అన్న మాట ఆమె చెవిన పడకూడదని అన్నదమ్ములిద్దరూ ఒట్టు పెట్టుకున్నారట. మా ఆయన ఆ సంగతి చెప్పి, గుమ్మంలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఒక్క విషయంలో నీతో నాకు పేచీ లేదు. అందుకే ఇది మా ఊరి నుంచి సురబాయ వచ్చే సోలేహ్ వ్యాన్లో, క్యారియర్ అడుగు గిన్నె కింద పెట్టి పంపుతున్నాను.

మిగతా అన్నిటిలోనూ పేచీ ఉంది.

ఆరేళ్ళుగా అత్త నీ దగ్గర ఉంది. నీ బండి మీద నువ్వు అమ్మేదేంటి? ప్లాస్టిక్ సంచుల్లో బియ్యం పోసి, మూతి కట్టి, గంటల తరబడి కుతకుత ఉడికించిన లొంతొంగ్. లొంతొంగ్ అంటే అరిటాకులో చుట్టాలని ఈ ఇంటికొచ్చిన మొదటి వారమే అత్త నాకు నేర్పింది. నీకూ నేర్పింది. నువ్వు సురబాయ వెళ్ళి ఆకు మానేశావు. ఆ సంచులు వేడికి కరిగి అన్నంలో కలుస్తాయని టీవీలో కూడా చెప్తున్నారు. ముసలావిడ ఊపిరితిత్తులు ఊరికే పాడయ్యాయా?

నువ్వు గ్రూపులో పెట్టిన వీడియో చూశాను. అత్త నీ వంటింట్లో నీ పక్కన పీటేసుకుని, వేరుశనగలు వలుస్తూ, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది. నా దగ్గర ఉన్నన్నాళ్ళూ ఒక్కనాడు నా వంటింట్లో కూర్చోలేదు. పొద్దున లేస్తే వీధి గుమ్మంలో, నాకు వీపు పెట్టి కూర్చునేది. ఆ వీపే చూస్తూ వండాను అన్నేళ్ళూ. నీ వంటింట్లో ఏం బంగారం ఉందో!

ఇందులో ఆకు లొంతొంగ్‌లు పెట్టాను. అత్తకి మాత్రమే. నీదేదీ ఆమె నోట పెట్టకు.

లస్మిని

*

సురబాయ,
మార్చి 9

అక్కా,

సలాం. నువ్వు అడగకపోయినా నేను అడుగుతాను, బావగారూ నువ్వూ బాగున్నారా?

నీ ఉత్తరం బండి దగ్గర నిలబడి చదివాను. చదువుతూ ఎవరికో వేరుశనగ పచ్చడి బదులు టీ డికాషన్ పోసేశాను. సంతోషమా?

డాక్టరుగారిని నేనూ అడిగాను అక్కా, నువ్వు అనకముందే. మా అత్త జన్మలో సిగరెట్టు ముట్టలేదు, ఇదెందుకొచ్చింది, నా సంచుల వల్లేనా అని గది బయట ఏడ్చి మరీ అడిగాను. ఆయన చెప్పింది ఇది: వేడికి ప్లాస్టిక్ నుంచి కంటికి కనపడని తునకలు ఊడతాయి, అవి తిండిలోంచీ గాలిలోంచీ మనిషి ఒంట్లోకి పోతున్న మాట నిజం. వాటికీ కాన్సర్‌కీ సంబంధం ఉందేమోనని అనుమానం ఉంది. రుజువింకా లేదు. మామగారు లవంగం సిగరెట్లు ఇల్లంతా ఊదేవాడు, పొగలున్నాయి, ఊరి గాలుంది, వయసుంది. ఫలానా దాని వల్లే అని ఎవరూ వేలు పెట్టి చూపించలేరు అన్నాడు. ఆయన చూపించలేని వేలు నువ్వు అక్కడ కూర్చునే చూపించావు!

ఆకు మానేశానని దెప్పావు. ఇక్కడ ఆకు దొరికేదెక్కడ? దొరికినా సగం చిరుగులే. కొనేవాళ్ళకి తెల్లగా, నున్నగా ఉండాలి. వీధిలో అందరూ సంచుల్లోనే వండుతారు. యూనివర్సిటీ పిల్లలు కొందరు ఈ మధ్య మా వీధికొచ్చి, అన్నంలో ఎన్ని తునకలున్నాయో పరీక్ష చేస్తామని నా దగ్గరా రెండు పట్టుకెళ్ళారు. దాచుకునేది ఉంటే ఇస్తానా?

ఇంకో మాట. అత్తని నేనేం ఎత్తుకురాలేదు. మా తియా పుట్టినప్పుడు తనే సంచి సర్దుకుని వ్యాను దిగింది. "మనవరాల్ని ఆడించుకుంటానే" అంది. నువ్వు గుమ్మం దాకా కూడా వచ్చి సాగనంపలేదట. ఎందుకో నేను అడగలేదు.

అత్త నీ లొంతొంగ్ రెండు తింది. క్యారియర్ ఖాళీగా పంపకూడదు కదా, నేను చేసినవి నాలుగు పెట్టాను.

చెల్లెలు,
రిరిన్

*

కెదుంగ్‌సారి,
మార్చి 14

రిరిన్,

నా లొంతొంగ్‌కి బదులు లొంతొంగ్ పంపుతావా! వాయనం ఇచ్చి పుచ్చుకుంటున్నామా? ఖాళీ గిన్నె పంపకూడదన్నది నాకూ తెలుసు. రెండు నారింజలు పడేస్తే పోయేది. ప్లాస్టిక్‌లో ఉడికిన నీ ముద్దలు నా ఇంటికి పంపడం పుండు మీద కారం చల్లడం కాక మరేంటి? కోళ్ళకి వేశాను. అవి తిన్నాయి, వాటికి బుద్ధి లేదు.

సాగనంపలేదా? వంటింట్లో నిలబడి ఏడుస్తుంటే ఎలా వస్తాను? మనవరాలట! మా రెండోవాణ్ణి పుట్టిన దగ్గర్నుంచీ ఆమే పెంచింది కదా, వాడు ఆమెకి మనవడు కాడా? నువ్వేదో మాయ చేశావు. అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపని ఊరికే అన్నారా?

సరే, యూనివర్సిటీ పిల్లలొచ్చారన్నావుగా. నావీ ఇయ్యి వాళ్ళకి. ఈ క్యారియర్లో పై గిన్నెలోవి పరీక్షకి, కింది గిన్నెలోవి అత్తకి. నేనేమీ చాటుమాటుగా చెయ్యను. తెల్లారి మా తోటలో ఆకు కోస్తాను. మెత్తబడాలి కదా, మా ఆయన కాగితం మిల్లు నుంచి తెచ్చి పెరట్లో ఆరబోసే చెత్త మీద పరుస్తాను, అక్కడైతే ఎండ బాగా తగులుతుంది. చుట్టి, వెదురు పుల్ల గుచ్చుతాను. కుండలో నీళ్ళు, ఆకు, బియ్యం, అంతే. కింద పొయ్యిలో ఏది కాలితేనేం, కుండలోకి పోయేది ఆకే.

పందెం కాస్తున్నాను. నావి శుభ్రంగా ఉండి నీవి పాడుగా ఉన్నాయని తేలితే, అత్త నా దగ్గరికి రావాలి. ఇంజెక్షన్లకి నేనే సురబాయ తీసుకొస్తాను. ఒప్పుకునే ధైర్యం ఉందా?

లస్మిని

*

సురబాయ,
మార్చి 22

అక్కా,

ఒప్పుకున్నాను. ఇచ్చేశాను నీ లొంతొంగ్‌లు. పట్టుకెళ్ళిన అమ్మాయి పేరు గాల్యుః, కళ్ళజోడు పిల్ల. సంచి మీద నీ పేరే రాయించాను, కలిసిపోకుండా.

ఒప్పుకున్నది ధైర్యంతో కాదు, విసుగుతో. నీకు తెలియదు ఇక్కడ నా బతుకు. పోయిన వారం అత్తకి మొదటి ఇంజెక్షన్ అయింది. తిన్నది తిన్నట్టు కక్కేసింది. పళ్ళరసం వద్దంది, గంజి వద్దంది. ఆ సాయంత్రం నీ క్యారియర్ తెరిస్తే, ఆకు వాసనకి లేచి కూర్చుంది! "పెద్దదాని చెయ్యే వేరు" అంది. రోజూ ఇదే పాట అక్కా. పచ్చడి నూరితే "పెద్దది ఇంకాస్త కారం వేసేది". బట్టలు మడతపెడితే "పెద్దది అంచులు కలిపేది". ఓసారి నేనూ ఎక్కడో ఆకు సంపాదించి చేశాను. కొరికి చూసి, "బాగుందమ్మా" అని పక్కన పెట్టింది. ఆ "బాగుందమ్మా" ఎలాంటిదో నీకు తెలుసు.

నా ఇంట్లో, నా చాప మీద పడుకుని, నేను ఒళ్ళు తుడుస్తుంటే నిన్ను తలుచుకుంటుంది. నువ్వేమో నేను మాయ చేశానంటావు. ఆ మాయేదో చెప్పు, నేర్చుకుంటాను.

అయినా పందెం పందెమే. నువ్వు ఓడితే మాత్రం, నీ నోటితో "రిరిన్ బాగా చూసుకుంటోంది" అని ఫోనులో, స్పీకర్ మీద చెప్పాలి.

ఈసారి నారింజలే పెట్టాను. కోళ్ళకి వెయ్యకు.

రిరిన్

*

కెదుంగ్‌సారి,
ఏప్రిల్ 2

రిరిన్,

రేపటి నుంచి రంజాన్ ఉపవాసాలు. ఉపవాసంలో కోపం తెచ్చుకోకూడదంటారు కాబట్టి, తెచ్చుకోవాల్సినదంతా ఇవాళే తెచ్చుకుని ఇది రాస్తున్నాను.

పెద్దదాని చెయ్యే వేరు అందా? నిజంగా ఆ మాటే అందా? నన్ను ఊరించడానికి నువ్వు అల్లావేమోనని నాలుగుసార్లు చదివాను. మా ఆయనకీ చదివి వినిపించాను. "అనే ఉంటుంది, మా అమ్మకి నాలుక మంచిది" అన్నాడు. ఆయనకి నా మీద ప్రేమ ఆ మాత్రమే.

తూర్పు గదికి సున్నం వేయించాను. కొత్త చాప, దోమతెర కొన్నాను. వీధిలో అందరికీ చెప్పేశాను అత్త వచ్చేస్తోందని. ఎదురింటి సుమియా "మరి చిన్నకోడలు పంపుతుందా?" అని మూతి తిప్పింది. పంపక చస్తుందా అన్నాను.

పరీక్ష ఎందుకింత ఆలస్యం? కళ్ళజోడు పిల్లకి నువ్వేమైనా లంచంగా లొంతొంగ్ పెడుతున్నావా?

లస్మిని

*

సురబాయ,
ఏప్రిల్ 18

అక్కా,

ఇది చదివేముందు కూర్చో. బావగారు పక్కన లేనప్పుడు చదువు.

గాల్యుః వచ్చింది. నావాటిలో తునకలున్నాయి. చాలా ఉన్నాయి. సంచి లోపలి వైపు నుంచి ఊడినవట. తల దించుకుని విన్నాను.

నీవాటిలోనూ ఉన్నాయి అక్కా. నావాటి కంటే తక్కువే, కానీ ఆకులో వండినదానిలో అన్ని ఎలా వచ్చాయో వాళ్ళకి అర్థం కాలేదట. ఎక్కువగా ఆకు పైనా, మడతల్లోనూ ఉన్నాయట. రంగురంగులవి, నల్లటి మసి అంటినవి. "ఈ ఆకు ఎక్కడ ఆరేస్తారండీ?" అని అడిగింది. నాకు తెలుసు. నువ్వే రాశావు కదా. నేను నోరు తెరిచేలోపే పీట మీంచి అత్త అందుకుంది.

"చెత్త మీద ఆరేస్తుందమ్మా. పాత కాగితంలో కలిసొస్తే మిల్లు వాళ్ళు ఏరి ఇచ్చే ప్లాస్టిక్ చెత్త. ఏ దేశాలవాళ్ళో తిని పారేసిన సంచులు. మా పెద్దాడు వాటిని ఏరి అమ్ముతాడు, మిగిలినవి ఆ పిల్ల పొయ్యిలో పెడుతుంది. కట్టెలు కొనలేం కదా."

గాల్యుః రాసుకుని వెళ్ళిపోయింది. అత్త ఇంకా వేరుశనగలు వలుస్తూనే ఉంది. వలుస్తూ, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది: "ఆ పొగకి నాకు దగ్గు పట్టేదే. లోపల కూర్చుంటే ఊపిరాడేది కాదు. అందుకే గుమ్మంలో, పొగకి వీపు పెట్టి కూర్చునేదాన్ని. చెబితే పెద్దది నొచ్చుకుంటుంది, ఆ పొయ్యే కదా దాని బతుకు. ఇంతలో నువ్వు కన్నావు. మనవరాలి వంక దొరికింది, వచ్చేశాను."

అక్కా, నిన్ను పొడవడానికి రాయడం లేదు. డాక్టరుగారు అన్నదే మళ్ళీ అంటున్నాను, ఫలానా దాని వల్లేనని ఎవరూ చెప్పలేరు. నా సంచులూ ఉన్నాయి, నీ పొయ్యీ ఉంది, మామగారి సిగరెట్లూ ఉన్నాయి.

కానీ నా సంగతి కూడా విను. ఇన్నాళ్ళూ అత్త నన్ను కోరుకుని వచ్చిందని మురిసిపోయాను. వీడియోలు తీసి పెట్టింది కూడా అందుకే, నువ్వు చూడాలనే పెట్టాను. చివరికి తేలిందేంటి? ఆవిడ నా కోసం రాలేదు. నీ పొగ నుంచి తప్పించుకుని వచ్చింది. నాకు గ్యాస్ పొయ్యి ఉంది కాబట్టి నా పక్కన కూర్చుంది. నేను బాత్రూములోకి వెళ్ళి, కుళాయి తిప్పి ఏడ్చాను.

పందెం ఎవరు గెలిచారో నువ్వే చెప్పు.

రిరిన్

*

కెదుంగ్‌సారి,
ఏప్రిల్ 25

అబద్ధం. అత్తతో నువ్వే చెప్పించావు. గురివింద గింజకి తన నలుపు తెలియదు, సంచుల్లో వండేదానివి నాకు పొయ్యి గురించి చెబుతావా? ఈ ఊళ్ళో ఏ పొయ్యిలో కాలదు ఆ చెత్త? నేను ఆ పొగలోనే పిల్లల్ని కన్నాను. నాకేం కాలేదే!

ఇక ఉత్తరాలొద్దు. క్యారియర్ కూడా పంపను.

*

కెదుంగ్‌సారి,
మే 20

రిరిన్,

ఉత్తరాలొద్దన్నది నేనే, రాస్తున్నదీ నేనే. నవ్వుకో.

పండగకి మీరు రాలేదు, ఇంజెక్షన్లని మరిది ఫోను చేశాడు. నేనైనా సురబాయ రావాల్సింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ పండగ నాడు అత్త మోకాళ్ళ దగ్గర కూర్చుని, తెలిసీ తెలియక చేసినవి క్షమించమని అడగని ఏడు లేదు. ఈ ఏడు అడగలేదు. ఏ మొహంతో అడగను? అన్నేళ్ళూ ఆ మోకాళ్ళు పట్టుకుని "తెలియక చేసినవి" అన్నప్పుడల్లా ఆమె తల నిమిరి ఊరుకుంది. దేని గురించి ఊరుకుందో నాకు ఇప్పుడు తెలిసింది.

పండగ మర్నాడు పొయ్యి వెలిగించి, గుమ్మంలోకి వెళ్ళి అత్త కూర్చున్న చోట కూర్చున్నాను. ముందు మామూలుగానే ఉంది. తర్వాత గాలి తిరిగింది. చూపుడువేలంత నల్ల పొగ, చేదుగా, ముక్కులోంచి గొంతులోకి దిగింది. ఇంతకాలం నాకు ఆ వాసన తెలియనే లేదు రిరిన్. వండేవాళ్ళకి తెలియదు కాబోలు.

చెత్త ఇక నా పెరట్లో వద్దన్నాను. మా ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. "నువ్వు పోషిస్తావా?" అన్నాడు. "మీ అమ్మ దగ్గు నువ్వు విన్నావా, నేను విన్నానా?" అన్నాను. మర్నాడు చెత్తంతా ఎత్తడానికి బండి కట్టాడు. చెత్త ఏరే పని మిల్లు గోడ దగ్గరే చేసుకుంటానంటున్నాడు. పని మాత్రం మానడు, మానితే తినేదేం లేదు. ఇంటికి మాత్రం తేడు. పెరడు ఊడ్చాను, ఊడ్చినకొద్దీ మట్టిలోంచి ముక్కలు వస్తూనే ఉన్నాయి. పైపైనైనా మట్టి రంగు కనపడుతోంది. పొయ్యి పగలగొట్టి, కట్టెలకీ వరి ఊకకీ సరిపడేలా కొత్తది కట్టించాను. ఆకు ఇప్పుడు తాడు మీద ఆరేస్తున్నాను. లొంతొంగ్ ధర కాస్త పెంచితే సగం మంది సుమియా దగ్గరికి పోయారు. పోనీ.

నీతో ఓడిపోయానని ఒప్పుకోను. నీ సంచులు నీ సంచులే. కానీ తూర్పు గది ఖాళీగా ఉంది. అత్తని అడుగు. పొయ్యి మార్చానని చెప్పకు, నా కోసం వచ్చినట్టు ఉండదు. ఊరికే అడుగు.

ఆమె రానంటే, ఎందుకో నాకు రాయకు.

లస్మిని

*

సురబాయ,
మే 27

అక్కా,

అడిగాను. తియాకి జడ వేస్తున్నదల్లా ఆపి, "ఎప్పుడు వ్యాను?" అంది. అంతే! నన్ను ఒక్క మాట అడగలేదు, నువ్వొక్కదానివే ఎలా ఉంటావే అని అయినా అనలేదు. నాకు ఒళ్ళు మండింది. పొయ్యి సంగతి నేను చెప్పలేదు. తెలియకుండానే వస్తోంది, పొగ ఉంటుందనుకునే వస్తోంది. ఇది నీకు చెప్పకుండా ఉందామనుకున్నాను. చెప్పేశాను, పండగ చేసుకో.

బుధవారం సోలేహ్ వ్యాన్లో ఎక్కిస్తాను. మూడు వారాల తర్వాత ఇంజెక్షన్ ఉంది, అప్పటికి తీసుకురావాలి. డాక్టరుగారు ఊపిరితిత్తిలో మచ్చ పెరగలేదన్నారు. తగ్గిందని అనలేదు, పెరగలేదన్నారు. అదే చాలు ఈ నెలకి. మందుల సంచీ ఎర్రది. పొద్దున మాత్ర అన్నం తిన్నాకే. టీలో పంచదార రెండు చెంచాలడుగుతుంది, ఒకటే వెయ్యి. రాత్రి కాళ్ళు చల్లబడితే మేజోళ్ళు తొడుగు. ఎలా తొడగాలో నీకు రాదు, మడమ దగ్గర పట్టుకోవాలి, లాగకూడదు.

సంచులు మానేశాను. బండి దగ్గర ఒకటే గోల, ఆకు వాసనొస్తోందని కొందరూ, ఆకు వాసనొస్తోందా అని సంతోషపడి కొందరూ. ఇక్కడి ఆకు చిరుగులే. నువ్వు వారానికోసారి ఓ కట్ట వ్యాన్లో పంపితే, నువ్వు చేసినట్టే ఎందుకు కుదరదో చూస్తాను.

ఆవిడ వెళ్ళాక కూడా ఆవిడ పీట తీయను. ఇవాళే తియా దాని మీద కూర్చోబోతే కసిరాను, తర్వాత నాకే సిగ్గేసింది.

ఎంత తిన్నదో, నవ్విందో, నన్ను తలుచుకుందో నాకు రాయకు. రాయి.

రిరిన్

*

కెదుంగ్‌సారి,
జూన్ 5

చెల్లీ,

మొదటి ఆకు కట్ట ఈ క్యారియర్ పక్కనే ఉంది. గిన్నెలో అత్త నూరిన పచ్చడి. నీ కోసమని తనే నూరింది, నన్ను రోలు ముట్టుకోనివ్వలేదు.

రాయొద్దని రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. వ్యాను దిగగానే మోకాళ్ళ దగ్గర కూర్చోబోయాను. "పండగ ఎప్పుడో అయిపోయింది, లే, ముందు టీ పెట్టు" అంది. టీ పెడితే "చిన్నది ఇంకాస్త చిక్కగా పెడుతుంది" అంది. మేజోళ్ళు తొడిగితే "చిన్నది లాగదు" అంది. మడమ దగ్గరే పట్టుకున్నాను నేను! తియా ఇప్పుడేం చేస్తుంటుంది, చిన్నదాని బండి దగ్గర రద్దీ ఎలా ఉందో, చిన్నదానికి నడుం నొప్పి. నిన్నంతా ఇదే. కడుపులో కుళ్ళు ఎలా ఉంటుందో నాకు కొత్తా? అయినా పాతబడలేదు.

నీ ఉత్తరం చదివి వినిపించమంది. మందుల సంగతి దాటేసి, "అత్త లేక ఇల్లు బోసిపోయింది" అని నేనే కల్పించి చదివాను. "అది అలా రాసే రకం కాదే" అని నవ్వింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

వచ్చిన రోజు నుంచి నిన్నటి దాకా మామూలుగానే గుమ్మంలో కూర్చుంది, నాకు వీపు పెట్టి. వండుకుంటూ ఆ వీపే చూశాను. పొయ్యి గురించి ఒక్క మాట చెప్పలేదు.

ఇవాళ పొద్దున లొంతొంగ్ కుండ ఎక్కించాను. ఊక అంటుకుంది. అత్త గుమ్మంలోంచి తల ఇటు తిప్పింది. ముక్కు ఎగబీల్చింది. మళ్ళీ ఎగబీల్చింది. తర్వాత లేచి, పీట చేత్తో పట్టుకుని లోపలికొచ్చింది. పొయ్యి పక్కన వేసుకుని కూర్చుంది. "ఇలా ఇయ్యి, ఆకులు నేను తుడుస్తాను" అంది.

కాస్త కుళ్ళుకో చెల్లీ. ఇక్కడే ఉంది, నా పక్కన.

మీ అక్క